పొలంలో లేనిది పళ్ళెంలోకి ఎలా వచ్చింది?

(బి.యస్సీ. ఫైనలియర్ విద్యార్థి)



"అన్నం తినేవాళ్ళం, మనకెందుకయ్యా ఈ గ్లూటెన్ గొడవ?" అని మీలో చాలామంది అడుగుతారని నాకు తెలుసు. సావనీరులో ప్రేమ మీదో, నిరుద్యోగం మీదో, విద్యావిధానం మీదో రాయకుండా గోధుమపిండి మీద రాసేవాణ్ణి చూసి నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు. నవ్వుకున్నాక మాత్రం చివరిదాకా చదవండి. ఎందుకంటే, గోధుమ గింజ మొలవని మా గోదావరి డెల్టాలో, మూడుపూటలా వరి మెతుకే తినే ఇంట్లో, గోధుమ మూలంగా ఒక పిల్ల ఎదుగుదల ఆగిపోవడం నేను కళ్ళారా చూశాను.

ముందు ఈ గ్లూటెన్ అంటే ఏమిటో చూద్దాం. ల్యాబు కూడా అక్కర్లేదు. గుప్పెడు గోధుమపిండి ముద్ద కలిపి, కుళాయి కింద పట్టుకుని పిసుకుతూ కడగండి. తెల్లటి గంజిపాలు కారిపోయి, చివరికి చేతిలో రబ్బరులా సాగే జిగురు ముద్ద ఒకటి మిగులుతుంది. అదే గ్లూటెన్ అనే మాంసకృత్తు. ఇటలీలో బెక్కారి అనే ఆచార్యుడు 1745లో ప్రకటించిన ప్రయోగం ఇదే. పరోటా సాగేదీ, బన్ను పొంగేదీ దీని చలవే. బియ్యప్పిండిని అలాగే కడిగి చూడండి, చేతిలో ఏమీ మిగలదు. అయితే గోధుమతోనే కథ అయిపోలేదు. బార్లీలోనూ, చలిదేశాల్లో పండే రై ధాన్యంలోనూ దీని దాయాదులున్నాయి.

ఇది అందరికీ విషం కాదు. ఆ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య గ్లూటెన్ మానడం ఒక ఫ్యాషనైపోయింది. కొందరికి మాత్రం, పుట్టుకతో వచ్చిన జన్యువుల మూలంగా, గ్లూటెన్ పేగులోకి దిగగానే ఒంట్లోని రక్షణ దళమే సొంత పేగు మీద తిరగబడుతుంది. చిన్నపేగు లోపలి గోడకుండే ఆంత్రచూషకాలు, అంటే ఆహారాన్ని పీల్చుకునే ఆ సన్నటి వేళ్ళ లాంటివి, తుఫానుకి ఒరిగిపోయిన చేనులా చదునైపోతాయి. ఇక తిన్నది ఒంటికి పట్టదు. రక్తం తగ్గుతుంది, పిల్లలైతే ఎదగరు, ఎముకలు గుల్లబారతాయి. దీన్నే సీలియాక్ జబ్బంటారు. దీన్ని నయం చేసే మందు ఇంతవరకూ లేదు. జీవితాంతం గ్లూటెన్ తినకుండా ఉండటమే వైద్యం.

ఈ సంగతి బయటపడిన తీరు కూడా చిత్రమే. హాలెండులో డికె అనే పిల్లల డాక్టరుకి 1930ల నుంచే గోధుమ మీద అనుమానం ఉండేది. 1944-45 చలికాలంలో, యుద్ధం మూలంగా అక్కడ ఘోరమైన కరువొచ్చింది. రొట్టె దొరకలేదు. జనం ఆకలితో మాడుతుంటే, ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు! రొట్టె మళ్ళీ రాగానే మళ్ళీ పడ్డారు. ఆయన ఆ పరిశీలనల్ని 1950లో సిద్ధాంత వ్యాసంగా సమర్పించాడు.

మన దేశం సంగతికొద్దాం. 2016లో అచ్చయిన ఒక పరిశీలనలో ఇరవైమూడు వేల మందికి పైగా ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళని పరీక్షించారు. ఉత్తరాదిన నూటికి 1.23 మందికి, ఈశాన్యంలో 0.87 మందికి, దక్షిణాదిన 0.10 మందికి రక్తంలో ఈ జబ్బు ప్రతిరక్షకాలున్నాయని తేలింది. ఆ పరిశీలనలోనే ఉత్తరాదివారి సగటు గోధుమ వాడకం రోజుకి 455 గ్రాములు, దక్షిణాదివారిది 25 గ్రాములు. దక్షిణాదిన వెయ్యికి ఒక్కరన్నమాట. "అబ్బ, ఎంత తక్కువ!" అనుకుంటున్నారు కదూ? ఆ తక్కువే ఇక్కడ ఆ ఒక్కరి ప్రాణం తీస్తోంది. అరుదైన జబ్బు కాబట్టి డాక్టర్లకి చప్పున తట్టదు. తట్టినా ఆ మనిషి ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పేవాళ్ళుండరు. అన్నం తినే ఊళ్ళో గోధుమని ఎవరు వెతుకుతారు?

మా బాబాయి కూతురు ఎనిమిదో క్లాసులో ఉన్నా ఐదో క్లాసు పిల్లలా ఉండేది. నులిపురుగుల మందయింది, ఐరన్ బిళ్ళలయ్యాయి, తాయెత్తూ అయింది. చివరికి పట్నంలో ఒక డాక్టరుగారు రక్తంలో ప్రతిరక్షకాల పరీక్ష చేయించి, గొట్టంతో పేగు ముక్క తీసి చూపించి, ఇదీ సంగతన్నారు. "గోధుమ, బార్లీ మానెయ్యండి" అని చీటీ రాసిచ్చారు. గోధుమే కదా! ఇంట్లో చపాతీ తినేది షుగరున్న మా తాతయ్య ఒక్కడే, అదీ రాత్రిపూట. ఆయన చపాతీలు పిల్ల దరికి రానివ్వలేదు. ఆరు నెలలయ్యాక పరీక్ష చేస్తే, తగ్గాల్సినంత తగ్గలేదు. అప్పుడు మొదలైంది వేట.

మొదటి దొంగ పేరు మార్చుకున్న దొంగ. మైదా గోధుమే. సేమియా గోధుమే. ఉప్మా చేసే బొంబాయి రవ్వ గోధుమే. ఇడ్లీ రవ్వ మాత్రం బియ్యం! రెండిటినీ రవ్వ అనే పిలుస్తాం, రెండూ తెల్లగానే ఉంటాయి, కొట్లో పక్కపక్క డబ్బాల్లోనే ఉంటాయి. "మైదా వేరే ఏదో దుంపపిండి అనుకున్నానే" అంది మా పిన్ని. ఆవిణ్ణి తప్పు పట్టేవాడు, మైదా దేనితో చేస్తారో మన హాస్టల్లో పదిమందిని అడిగి రావాలి. పెసరట్టు నిక్షేపంలాంటిది, దాని పొట్టలో ఉప్మా పెట్టారో చెడింది. రవ్వదోసె సరేసరి. మైసూర్ బజ్జీ మైదా, గవ్వలు మైదా, మా పక్క పేరుమోసిన తాపేశ్వరం కాజా మైదా. మిర్చిబజ్జీ శనగపిండే కదా అంటారు. శనగపిండే, కాని దాన్ని వేయించిన మూకుట్లోనే అంతకుముందు సమోసాలు తేలాయి.

రెండో దొంగ ఇంగువ. ఇది మాత్రం ఎవరూ ఊహించనిది. కొట్లో మనం కొనే డబ్బా ఇంగువ శుద్ధమైన ఇంగువ కాదు. అసలు ఇంగువ ఘాటు భరించలేం కాబట్టి జిగురూ, పిండీ కలిపి అమ్ముతారు. ఆ పిండి కొన్నిటిలో బియ్యప్పిండి, చాలావాటిలో గోధుమపిండో మైదానో. డబ్బా వెనక చీమతలకాయంత అక్షరాల్లో రాసే ఉంటుంది. మా ఇళ్ళల్లో తాలింపుకి వెల్లుల్లే ఎక్కువ గనక కొంత నయం. పులిహోరలోనూ, సాంబారులోనూ, వడియాల్లోనూ ఇంగువ తప్పదనే ఇళ్ళల్లో రోజూ ఈ పిండి పడుతూనే ఉంటుంది. అన్నం, పప్పు, చారు తిని కూడా గోధుమ తిన్నట్టే!

"చిటికెడుకి ఏమవుతుందయ్యా?" అనే పెద్దమనుషులకో లెక్క చెప్తాను. ఇటలీలో 2007లో అచ్చయిన ఒక ప్రయోగంలో, రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలల పాటు ఇస్తే పేగు మళ్ళీ దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ అంటే సుమారు అర గ్రాము గోధుమపిండి. మరి అది చిటికెడే కదా! పైగా తిన్న వెంటనే కడుపునొప్పి రావాలని రూలేం లేదు. మనిషి బాగానే తిరుగుతుంటాడు, లోపల చేను ఒరుగుతూనే ఉంటుంది.

ఇక మాల్ట్ అనే మాట ఒకటి. రాయలసీమలో రాగి మాల్ట్ అంటే రాగి జావ, దానితో పేచీ లేదు. కాని పిల్లలు ఎత్తు పెరుగుతారని సీసాల్లో అమ్మే పొడుల మీద మాల్ట్ అని ఉంటే అది మామూలుగా బార్లీ మొలకలది. ఎదగని పిల్లకి ఎదగాలని పాలల్లో కలిపి పోసేది అదే! జ్వరం తగిలితే చలువని బార్లీ నీళ్ళు. బీరు కూడా బార్లీదేనని ఈ సందర్భంగా కొందరు మిత్రులకి మనవి. సోయా సాసులో మామూలుగా గోధుమ ఉంటుంది, కాబట్టి బండి మీద నూడుల్సే కాదు, ఫ్రైడ్ రైసూ అనుమానమే. హైదరాబాదు హలీం గోధుమా మాంసమూ కలిపి రుబ్బినదే.

అన్నవరం ప్రసాదం సంగతి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. అది గోధుమ రవ్వా బెల్లమూ నెయ్యీ. మా ఇళ్ళల్లో ఏ శుభకార్యమైనా సత్యనారాయణ వ్రతం లేకుండా జరగదు. ప్రసాదం కాదనకూడదని పెద్దవాళ్ళ పట్టుదల. మా చెల్లెలు విస్తరాకు పొట్లం రెండు చేతులా తీసుకుని, కళ్ళకద్దుకుని, తమ్ముడి చేతిలో పెట్టేస్తుంది. మొదటిసారి మా మామ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇప్పుడు ఆవిడే పక్కన నిలబడి, ఆ పిల్ల కోసం అరటిపండు ముక్క నైవేద్యం పెట్టిస్తోంది. శాస్త్రం పేరు చెప్పి ముసలివాళ్ళని వెక్కిరించే మనం, ఆ ముసలావిడ ఎంత తొందరగా నేర్చుకుందో చూడాలి.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది పిండిమర దగ్గర. మా చేలో పండిన వడ్లలో గోధుమ గింజ ఒక్కటుండదు. ఓట్సు సంగతి వేరు, అవి గోధుమా బార్లీ పండే చోట పండి, వాటి బళ్ళల్లోనే వచ్చి కలుస్తాయి. మా బియ్యం మాత్రం చేను దాటేదాకా పరిశుద్ధం. అదే బియ్యాన్ని పిండి ఆడించడానికి మరకి తీసుకెళ్తే, అంతకుముందే ఎవరో షుగరాయన గోధుమలు ఆడించుకుని పోయుంటాడు. మర గొంతులోనూ, గుడ్డ సంచికీ అతుక్కున్న పిండి మన బియ్యప్పిండిలోకి దిగుతుంది. రైతు కలపలేదు, వండినావిడ కలపలేదు, తిన్నపిల్లకి తెలీదు. మా బాబాయి ఇప్పుడు మర మాట మానేసి ఇంట్లోనే చిన్న గ్రైండరు పెట్టుకున్నాడు. పెట్టుకోలేని వాళ్ళ మాటేమిటి?

నా వాదన అంతా ఇక్కడే ఉంది. పత్యం రోగిది అని మనం చేతులు దులుపుకుంటున్నాం. చేనుకీ పళ్ళేనికీ మధ్య మరవాడున్నాడు, కొట్టువాడున్నాడు, కంపెనీవాడున్నాడు, వంటవాడున్నాడు. వీళ్ళు నోరు విప్పకపోతే రోగి ఎంత నిష్ఠగా ఉన్నా పత్యం నిలవదు. చట్టం కొంత చేసింది, కాదనను. గ్లూటెన్ లేదని రాసి అమ్మే సరుకులో కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన ఉంది. గ్లూటెన్ ఉన్న ధాన్యం వాడితే ప్యాకెట్టు మీద చెప్పాలని 2020 నాటి లేబుల్ నియమాలున్నాయి. కాని లూజుగా తూచి ఇచ్చే పిండికి లేబులేదీ? బండి మీది పుణుక్కి లేబులేదీ? మన మెస్సులో పెట్టే కుర్మాకి లేబులేదీ?

ప్యాకెట్టు ఉన్నంతమాత్రాన నిశ్చింతగా ఉండమనీ కాదు. మల్టీగ్రెయిన్ అట్టా అంటే ఎక్కువ పాలు గోధుమపిండే. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కొట్లనిండా మిల్లెట్ బిస్కెట్లే. తిప్పి చదివితే చాలావాటిలో గోధుమపిండి ఉంటుంది. మరోపక్క పట్నం షాపుల్లో గ్లూటెన్ లేని పిండి అని రంగురంగుల సంచుల్లో బియ్యప్పిండీ, జొన్నపిండీ గుప్పెడు ధరకి బోలెడు డబ్బు గుంజుతున్నారు. ఆ జొన్న పండించిన రైతుకి అందులో దక్కేదెంతో నన్నడగొద్దు, రైతు బిడ్డని కాబట్టి కోపం వస్తుంది. వరి, జొన్న, సజ్జ, చోళ్ళు, కొర్రలు, మినుములు, పెసలు, శనగలు పుట్టుకతోనే గ్లూటెన్ లేనివి. గింజలుగా కొని, ఏరి, కడిగి, ఇంట్లో విసురుకుంటే ఏ ముద్రా అక్కర్లేదు.

ఇది చదివి రేపట్నుంచి గోధుమ మానేద్దామనుకునే మిత్రులకి ఒక హెచ్చరిక. అనుమానముంటే ముందు పరీక్ష, తరవాత పత్యం. గోధుమ మానేశాక రక్త పరీక్ష చేయిస్తే ప్రతిరక్షకాలు తగ్గిపోయి, జబ్బున్నా లేనట్టే కనిపించవచ్చు. అప్పుడు నిజం తేల్చాలంటే డాక్టరు మళ్ళీ వారాల తరబడి గోధుమ తినమనాల్సొస్తుంది. ఏళ్ళ తరబడి రక్తం తక్కువై ఐరన్ బిళ్ళలకి లొంగని వాళ్ళూ, కారణం తెలియని విరేచనాలున్నవాళ్ళూ డాక్టరుగారిని ఈ పరీక్ష సంగతి అడగండి. అడిగితే తప్పులేదు.

చివరిగా మన యూనియన్ పెద్దలకి. వచ్చే ఏడాది మెస్ కాంట్రాక్టు మళ్ళీ రాసేటప్పుడు మూడు షరతులు చేర్పించండి. ఏ రోజు ఏ వంటలో మైదా, రవ్వ, సాసు, ఏ రకం ఇంగువ వేశారో బోర్డు మీద సుద్దముక్కతో రాయాలి. అన్నం, పప్పు గరిటెలు చపాతీ పిండి చల్లిన బల్ల దగ్గరికి పోకూడదు. అప్పడాలూ వడియాలూ వేయించే నూనెలో సమోసాలు వేయకూడదు. వీటికయ్యే ఖర్చు ఒక సుద్దముక్క, ఒక మూకుడు, రెండు గరిటెలు. మా చెల్లెలు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, నా భుజం దాకా ఎదిగింది. వచ్చే జూన్‌లో ఈ కాలేజీలోనే సీటుకి అప్లై చేస్తానంటోంది. హాస్టల్లో ఉండాలా, ఊరి నుంచి రోజూ మూడు గంటలు బస్సులో రావాలా అని మా బాబాయి నన్నడిగాడు. మెస్ కాంట్రాక్టు రాశాక చెప్తానన్నాను.