విలువలు అందరివి, వోటు ఎవరిది వారిది

ఎన్నికలు సమీపించినప్పుడెల్ల మన సంఘము గడపకు ఒకే ప్రశ్న వచ్చుచున్నది: “తెలుగువారి వోట్లు ఏ పార్టీకి?” లత్తేరి అంగళ్లలోను, గుడియాత్తము బజారులోను ఈ మాట వినని వారుండరు. సంఘము పేరున ఒక పార్టీని బలపరచుడని కొందరు సోదరులు మమ్ము కోరుచున్నారు. బదులు చెప్పుటకు ముందు, ఎన్నో తరములు పరుల నడుమ అల్పసంఖ్యాకులుగా జీవించిన యూదుల యనుభవమును పరిశీలింతము.

యూదుల ధర్మగ్రంథమగు తోరా ఒక బోధను పలుమారులు చేయుచున్నది: ఐగుప్తు దేశములో పడిన పాట్లను మరువవలదు, పరదేశిని పీడింపవలదు. ఏటేట పస్కా పండుగ రాత్రి ఈ దాస్యవిముక్తి కథనే ఇంటింట పిల్లలకు చెప్పుదురు. 1965లో హెషెల్ అను యూద గురువు నల్లజాతివారి వోటుహక్కునకై మార్టిన్ లూథర్ కింగుతో సెల్మాలో నడచెను. అయినను యూదులందరు ఒకే పార్టీవారు కారు. అమెరికాలో 2020లో ప్యూ సంస్థ విచారింపగా, యూదులలో 10 మందికి 7గురు డెమోక్రాటుల వైపు మొగ్గిరి. వారిలోనే సంప్రదాయనిష్ఠులగు వారిలో 4గురికి 3గురు రిపబ్లికనుల వైపు మొగ్గిరి. ఇజ్రాయేలును 1948 నుండి 1977 వరకు కార్మికపక్ష నాయకులు పాలించిరి. పిమ్మట ప్రజలు బెగిన్ గారి మితవాద పక్షమునకు అధికార మిచ్చిరి. గ్రంథ మొక్కటే, ఒకరికి పరదేశి రక్షణ ముందు, వేరొకరికి ఆచారరక్షణయు, దేశరక్షణయు ముందు.

దూరదేశముల మాట యేల? గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయీము అను తెలుగు యూదులు కలరు. మాదిగ కుటుంబములకు చెందిన వీరు క్రైస్తవము నుండి 1980 దశాబ్ది చివర యూదమతమును బహిరంగముగా అవలంబించిరి. దాస్యవిముక్తి కథ వారికి తమ కథగా తోచుటలో ఆశ్చర్యము లేదు. కాని 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తరువు హిందువులకు, 1956 నుండి సిక్కులకు, 1990 నుండి బౌద్ధులకు మాత్రమే వర్తించుచున్నది. కాగితముపై యూదుడని వ్రాసినచో ఆ రిజర్వేషను దక్కదు. విశ్వాసము వారిది, దాని ఫలితమును నిర్ణయించునది చట్టము. కావున విలువలు గలవారికి రాజకీయముతో పని లేదని చెప్పజాలము.

మన సంగతియు నట్టిదే. రాజ్యాంగములోని 29, 30, 350-ఎ అధికరణములు మన భాషకు అండగా నున్నవి. 2006 నాటి చట్టము తమిళమును బడులలో తప్పనిసరి పాఠ్యముగా చేసినది. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలసినదే. దానితోపాటు తెలుగు చదువును నిలువవలెను. ఇది మన విలువ. దీనిపై మనలో భేదము లేదు. ధరలు, నీరు, పన్నులు మొదలగు విషయములలో ఒక్కొక్క యింటివారి యభిప్రాయ మొక్కొక్క తీరు.

కట్టగట్టి యిచ్చిన వోటునకే గౌరవమని కొందరందురు. వర్తకులమగు మేమెరిగినది వేరు: మరియొక అంగడి మెట్టెక్కనని ముందే ప్రమాణము చేసిన బేరగానికి ఎవ్వరును ధర తగ్గింపరు. అందుచే సంఘము పేరును ఏ పార్టీకిని ఇయ్యబోము. వోటడుగ వచ్చిన ప్రతి యభ్యర్థిని, అతడు ఏ జెండా పట్టినను, ఒకే మాట యడుగుడు: “తెలుగు ఉపాధ్యాయుల నియామకమునకు, తెలుగు పుస్తకములకు మీరేమి చేయుదురు?” వారి బదులును మాకు వ్రాసి పంపుడు, అన్నింటిని ఈ పత్రికలో ప్రకటింతుము. వోటు మాత్రము మీ మనస్సాక్షిది.