కాంటా వాళ్ళదే, లెక్క వాళ్ళదే.. సంతకం మాత్రం మనది

కొంచెం పెద్ద పోస్టు, ఓపికతో చదవండి.

పోయిన యాసంగిలో మా ఊరికి ఇద్దరు పిల్లలు ట్యాబ్ పట్టుకుని వచ్చారు. వరి మడిలో ఎప్పుడూ నీళ్ళు నిలపకుండా మధ్యమధ్య ఆరబెడితే కార్బన్ క్రెడిట్లు వస్తాయి, వాటికి డబ్బులొస్తాయి అన్నారు. మడిలో చిల్లుల పైపు ఒకటి పాతారు. పాస్‌బుక్, ఆధార్ ఫొటో తీసుకుని ట్యాబ్ మీద వేలితో సంతకం పెట్టమన్నారు. నేనూ పెట్టాను, దాచేదేముంది. ఎకరానికి ఎంతొస్తది బాబూ అంటే "మార్కెట్‌ను బట్టి అంకుల్" అన్నారు. ఆ అగ్రిమెంటు కాపీ ఈ రోజుకీ నా చేతికి రాలేదు.

పద్ధతి తప్పని నేననడం లేదు. నిలవ నీళ్ళ మడిలో మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడి పెంచుతుంది. ఆరబెడితే అది తగ్గుతుంది, బోరు నీళ్ళూ మిగులుతాయి. నా గొడవంతా అమ్మకం మీద.

ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను. ఆ టన్నును మీరు చూశారా? వడ్లయితే కాంటా మీద కనబడతాయి. అట్లా కనబడే సరుకుకే తాలు, తేమ అని తరుగు తీస్తుంటే మిల్లు ముందు కొట్లాడుతున్నాం. ఇక్కడ ఎంత తగ్గిందో లెక్కగట్టేది కంపెనీ. ఆ లెక్క సరేనని ముద్ర వేసే ఆడిటర్‌కు ఫీజు ఇచ్చేదీ అదే కంపెనీ. టన్నులు ఎక్కువ తేలితే కంపెనీకి లాభం, ఆడిటర్‌కు మళ్ళీ పని. కొనేవాడికి చౌకగా సర్టిఫికెట్ దొరికితే చాలు. మరి తప్పు పట్టేదెవరు?

ఉత్త అనుమానం కాదు ఇది. చైనాలో ఇదే వరి పద్ధతి మీద నడిచిన 37 ప్రాజెక్టులను వెర్రా అనే రిజిస్ట్రీ 2024లో తిరస్కరించింది. అప్పటికే వాటిలో కొన్నింటి క్రెడిట్లు జారీ అయి వాడకంలోకి పోయాయి. యూరప్‌లో అయితే ప్రభుత్వాల మార్కెట్‌లోనే దొంగలు పడ్డారు. 2008-09లో పక్క దేశంలో పన్ను లేకుండా పర్మిట్లు కొని, సొంత దేశంలో పన్ను కలిపి అమ్మి, ఆ పన్ను కట్టకుండా మాయమయ్యారు. సుమారు 500 కోట్ల యూరోలు పోయాయని యూరోపోల్ అంచనా వేసింది. చివరికి 2018 నుంచి ఆ పర్మిట్లను షేర్ల లాంటి వాటికుండే నిఘా కిందికి తెచ్చారు. అంత సొమ్ము పోయాక!

మన దేశంలో 2023లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్ నోటిఫై అయింది. నడిపేది ఇంధన పొదుపు చూసే బ్యూరో, ట్రేడింగ్ చూసేది కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్. సిమెంటు ఫ్యాక్టరీ లెక్కలు వాళ్ళకు తెలుస్తాయి, బాగుంది. మడి గట్టు మీద జరిగే సంతకం ఎవరు చూస్తారు? 2024లో వ్యవసాయ శాఖ ఒక ఫ్రేమ్‌వర్క్ విడుదల చేసింది గానీ అది చట్టం కాదు.

కాబట్టి అడగాలి. అగ్రిమెంటు తెలుగులో ఉండాలి, కాపీ ఆ రోజే ఇవ్వాలి. క్రెడిట్ ఎంతకు అమ్మారో, అందులో రైతు వాటా ఎంతో రాతలో ఉండాలి. ఆడిటర్‌ను కంపెనీ కాకుండా ప్రభుత్వం నియమించాలి. ఒకే సర్వే నంబరును రెండు కంపెనీలు రాసుకోకుండా అందరూ చూసే రిజిస్టర్ పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం కౌలు రైతు. నీళ్ళు ఆపేది, రాత్రి పోయి మడి చూసేది అతను. పాస్‌బుక్ మాత్రం పట్నంలో ఉన్న ఓనర్ పేరు మీద ఉంటుంది. డబ్బులు ఎవరి ఖాతాలో పడతాయో మీకు నేను చెప్పాలా?

రూల్స్ పెడితే కంపెనీలు రావంటున్నారు కొందరు. విత్తనాలమ్మడానికి లైసెన్సు పెట్టారు, విత్తన కంపెనీలు పారిపోయాయా? దొంగ టన్నులు బయటపడి మార్కెట్ కుప్పకూలితే నష్టం నిజంగా మడి ఆరబెట్టినోడికే.

వచ్చే సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికి అర్జీ ఇస్తున్నా. సంతకం పెట్టినవాళ్ళు పైపు ఫొటో, పాస్‌బుక్ జిరాక్స్, ఫోన్‌కు వచ్చిన మెసేజ్ ఏదున్నా తీసుకుని పది గంటలకల్లా రండి.