తొందరపడితే పొడే మిగులుతుంది

వంటింట్లో కల్లుప్పు డబ్బా ఉంటే, ఒక ఉప్పుకల్లు తీసి ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. అంచులు అరిగినా సరే, ఎక్కడో ఒకచోట చదునైన గోడ, 90 డిగ్రీల మూల కనిపిస్తాయి. దాన్ని ఎవరూ చెక్కలేదు. సోడియం, క్లోరైడ్ అయాన్లు చదరంగం గళ్లలా ఒకటి విడిచి ఒకటి పేర్చుకుంటూ పోతే వచ్చిన ఆకారం అది.

ఈ అమరికని 1913లో ఎక్స్-రేలతో తేల్చింది బ్రాగ్ తండ్రీకొడుకులు. స్ఫటికాల మీద చేసిన పనికి 1915లో ఇద్దరికీ కలిపి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. అప్పటికి కొడుకు లారెన్స్ వయసు 25. సైన్స్ నోబెల్ అందుకున్నవాళ్లలో ఇప్పటికీ అతనే అందరికంటే చిన్నవాడు.

అంత కథ ఉన్న ఉప్పుని మనం స్కూల్లో ఏం చేస్తున్నాం? రికార్డులో ‘స్ఫటికములు ఏర్పడినవి’ అని ముందే రాసేస్తున్నాం. ప్రయోగం చేస్తే చేస్తాం, లేకపోతే లేదు. నాకు బాధనిపించేది ఇదే. చేసి చూస్తే తప్ప తెలియని ఒక తమాషా ఇందులో ఉంది మరి.

‘వేడి నీళ్లలో కరిగించి చల్లార్చండి’ అనే పద్ధతి పటికకీ, మైలుతుత్తానికీ బాగా పనిచేస్తుంది. (మైలుతుత్తం విషం, దాన్ని ల్యాబ్‌లో టీచర్ ముందే ముట్టుకోవాలి.) వేడి నీళ్లలో అవి చాలా ఎక్కువ కరుగుతాయి. చల్లారాక ఆ ఎక్కువైనదంతా బయటికి రావాల్సిందే. ఉప్పు అలా కాదు. 100 గ్రాముల మామూలు నీళ్లలో సుమారు 36 గ్రాములు కరిగితే, మరిగే నీళ్లలో కూడా 39 గ్రాములే. చల్లార్చితే దక్కేది 3 గ్రాములు! ఉప్పు కావాలంటే నీళ్లు ఆవిరైపోవాలి. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మళ్లలో సముద్రపు నీళ్లని ఎండకి వదిలేసేది అందుకే.

ఇంట్లోనే చేసి చూడండి. అర గ్లాసు వేడి నీళ్లలో ఇక కరగదు అనేదాకా కల్లుప్పు వేసి కలపండి. పల్చటి గుడ్డతో వడకట్టి, దుమ్ము పడకుండా పైన కాగితం వదులుగా కప్పి, ఎవరూ కదపని చోట పెట్టండి. కొన్ని రోజులకి అడుగున బుల్లి బుల్లి ఘనాలు కనిపిస్తాయి. వాటిలో చక్కగా ఉన్నదాన్ని సన్నటి దారానికి కట్టి, మళ్లీ అలాగే చేసి చల్లార్చిన ఉప్పునీళ్లలో వేలాడదీయండి.

ఓపిక లేక స్టవ్ మీద మరిగించేస్తే తెల్లటి పొడి మిగులుతుంది. ఒకేసారి వేల చోట్ల స్ఫటికాలు మొదలైపోతాయి, ఏదీ పెరగదు. నిదానంగా ఆవిరైతే కొన్నే మొదలవుతాయి, అవే పెద్దవవుతాయి.

రోజుకో ఫోటో తీయండి. మొదటి ఘనం ఎన్నో రోజు కనిపించింది, ముసురు పట్టిన రోజుల్లో పెరగడం తగ్గిందా, ఇవే రికార్డులో రాయండి. ఏమీ రాకపోతే ‘రాలేదు’ అనే రాయండి. మార్కులు ఒకటో అరో తగ్గినా, ఆ పేజీ మాత్రం మీ సొంతం.