సైకిల్ టూర్‌కు ఏ టెంట్ కొనాల? ముందు ఎవరికి కొనాల?

పోస్ట్ కొంచెం పెద్దదే, తీరికగా చదవండి.

సంక్రాంతి సెలవుల్లో నంద్యాల నుంచి మహానంది చూసుకుని ఆళ్లగడ్డకు, అక్కడి నుంచి అహోబిలానికి సైకిళ్ల మీద పోదామనే మాట నడుస్తా ఉంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నేరుగా 40 కిలోమీటర్లు, అక్కడి నుంచి దిగువ అహోబిలానికి ఇంకో 25–30. మహానందికి పోయి రావడం కలుపుకుంటే నింపాదిగా మూడు రోజుల పని. అన్నీ కుదిరినాయి, టెంట్ దగ్గరే ఆగిపోయింది. ఒకరేమో కిలో బరువుండే 20 వేల టెంట్ చూపిస్తారు. ఇంకొకరు 1,500 టెంట్ ఫొటో పెట్టి ఇది చాలదా అంటారు. మా మాట ఏమంటే, రెండూ వద్దు. మూడు నుంచి ఐదు వేల లోపు, రెండు పొరలుండే, రెండున్నర మూడు కిలోల మామూలు టెంట్ మనకు సరిపోతుంది.

బరువు సంగతి ముందు తేల్చుకుందాం. ఆ కిలో టెంట్లు కొండల్లో రోజుల తరబడి వీపున మోసేవాళ్ల కోసం చేసినవి. మనకు వీపు కాదు, క్యారియర్ మోస్తుంది. మనలో చానామందివి పాత హీరో, అట్లాస్ సైకిళ్లు, లేదంటే చెల్లెళ్లకు బడికొస్తా పథకంలో వచ్చినవి. పాత సైకిల్ ఒక్కటే 20 కిలోల దాకా తూగుతుంది. దాని మీద టెంట్‌లో కిలోన్నర తగ్గించడానికి 15 వేలు పోయడం ఏం లెక్కబ్బా? రెండు లీటర్ల నీళ్ల సీసా పెడితే ఆ తగ్గిన బరువు మళ్లీ వచ్చేస్తుంది. పైగా గుంపుగా పోతున్నాం కదా, కమ్మీలు ఒకరు, గుడ్డ ఒకరు పంచుకుంటే తలా కిలోన్నర కూడా రాదు. బరువు కంటే మడిచినప్పుడు పొడవు ఎంతో చూడండి. క్యారియర్ మీద అడ్డంగా కడితే రెండు పక్కలా పొడుచుకొచ్చే టెంట్ హైవే మీద ప్రమాదం.

ఇంకోటి, ఆ తేలిక టెంట్లలో కొన్ని మేకులు కొట్టి తాళ్లు లాగితేనే నిలబడతాయి. కొన్నిటికి చేతికర్రలు కూడా కావాల. మన నేల సంగతి మీకు తెలుసు. నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టూ నల్లరేగడి. ఎండితే బీటలు వారి రాయిలాగా ఉంటుంది, తడిస్తే మేకు పట్టు వదిలేస్తుంది. బనగానపల్లె, బేతంచెర్ల వైపు పోతే నాపరాయి, అక్కడ మేకు దిగనే దిగదు. అందుకే కమ్మీలు దూర్చగానే తనంతట తాను నిలబడే టెంటే కొనాల. బడి వరండాలో, గుడి మంటపంలో బండల మీద కూడా వేసుకోవచ్చు.

1,500 టెంట్ ఎందుకు వద్దంటే, దానికి ఒకటే పొర. మనుషులు లోపల పడుకుంటే ఊపిరి తేమ రాత్రంతా గుడ్డకు పట్టి, తెల్లారేసరికి దుప్పట్లు తడుస్తాయి. రెండు పొరల టెంట్‌లో లోపలిది దోమతెర లాంటి జాలీ, పైది వాన గుడ్డ. జనవరిలో మన దిక్కు వాన తక్కువ కాబట్టి పైగుడ్డ తీసేసి జాలీ ఒక్కటే వేసుకుంటే గాలి ఆడుతుంది, కె.సి. కాలువ పక్క వరిమళ్ల దోమలూ రావు. కొనేటప్పుడు పైగుడ్డ లేకుండా జాలీ ఒక్కటే నిలబడుతుందా అని అడగండి. పాలిస్టర్ గుడ్డయితే మేలు, నైలాన్ అంత సాగదు, ఎండకు కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది. కమ్మీలు ఫైబర్‌వి అయినా పర్వాలేదు. చీలితే తొడగడానికి చిన్న అల్యూమినియం గొట్టం ముక్క ఒకటి వెంట పెట్టుకోవాల.

మేం దీని మీద ఇంత పట్టుబట్టడానికి అసలు కారణం వేరే ఉంది. మగపిల్లలం సత్రం అరుగు మీద దుప్పటి కప్పుకుని పడుకుంటాం. మన అక్కాచెల్లెళ్లు అలా పడుకోలేరు, ఇంట్లో ఒప్పుకోరు కూడా. లాడ్జి రూములకు మన స్కాలర్‌షిప్ డబ్బులు ఏ మూలకు? జిప్పు వేసుకుని బట్టలు మార్చుకునే చోటు ఒకటి లేకపోతే ఇది మగపిల్లల టూర్ అయిపోతుంది. అందుకే చందా ఒక్క టెంట్‌కే చాలితే అది ఆడపిల్లలకే. ముగ్గురి టెంట్ అని రాసి ఉంటే ఇద్దరికి, సామానుకు సరిపోతుందని లెక్క వేసుకోండి. మగపిల్లలకు దోమతెర, ఒక టార్పాలిన్ పట్ట, కట్టడానికి రెండు సైకిళ్లు ఉంటే చాలు.

"మన తాతలు టెంట్ లేకుండానే నల్లమలలో పడుకోలేదా, అడవిలోకే పోదాం" అని కొందరు అంటున్నారు. తాతలకు ఏ వాగు పక్క పడుకోవాలో, ఏ కాలంలో పడుకోకూడదో తెలుసు. హాస్టళ్లలో పెరిగిన మనకు తెలియదు. పైగా అది పులులు తిరిగే అడవి. 1972 వన్యప్రాణి చట్టం కింద అభయారణ్యంలో అనుమతి లేకుండా ఉండటం, మంట పెట్టడం నేరం. 2006 అటవీ హక్కుల చట్టం ఉంది కదా అంటారు. అది హక్కు ఇచ్చింది ఆ అడవిని నమ్ముకుని బతికే గూడెం వాళ్లకు. సెలవుల్లో సైకిలెక్కి వచ్చిన మనం సుగాలీలమైనా, ఎరుకలోళ్లమైనా, వేరే గూడెం చెంచులమైనా అక్కడ చుట్టాలమే. మనం దొరికిపోతే రేపు ఫారెస్టోళ్లు ప్రశ్నలు వేసేది ఆ గూడెం వాళ్లనే. కాబట్టి చీకటి పడకముందే దారిలో ఏదైనా తండాలోనో, బడి దగ్గరో, గుడి సత్రంలోనో అడిగి వేసుకోవాల. గూడెంలో అయితే పెద్దమనిషిని అడగకుండా మేకు కొట్టొద్దు, మన బియ్యం మనమే తీసుకుపోవాల.

కనుమ నుంచి అహోబిలంలో పారువేట మొదలవుతుంది, జనం ఎక్కువ. స్వామే పల్లకిలో దాదాపు 40 రోజులు ఊరూరా తిరుగుతాడు, మనం మూడు రాత్రులకు ఇంత చర్చ పెట్టినాం! పండగ దాటి ఒకట్రెండు రోజులకు బయల్దేరితే చోటు సులువుగా దొరుకుతుంది.

టెంట్ గ్రూపుదే, ఎవరి సొంతమూ కాదు. వాడినవాళ్లు ఆరబెట్టి మడిచి ఇవ్వాల, తడిగా చుట్టేస్తే నెలలో బూజు పడుతుంది. కొన్న రోజే హాస్టల్ ఆవరణలో వేసి పైన రెండు బకెట్ల నీళ్లు పోసి చూద్దాం, కుట్ల దగ్గర కారితే వెంటనే వాపస్ ఇచ్చేయొచ్చు. ఇప్పటికే టెంట్ ఉన్నవాళ్లు దాని బరువు, మడిచినప్పుడు పొడవు కొలిచి గ్రూపులో రాయండి. ఉన్నది అడిగి తెచ్చుకుంటే కొనే పనే ఉండదు.