యాభై మీటర్లు ఎవరికి?

సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడి ఉండగా ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. నాతోపాటు పాతికేళ్లు పాఠాలు చెప్పినవాడు, అభ్యుదయవాదినని చెప్పుకోవడానికి ఎన్నడూ జంకనివాడు. "ఏమండీ మాస్టారూ, ఊళ్లో పెట్రోలు బంకు పెడతామంటే దానికీ అభ్యంతరమేనా? ఇంక మనకీ, ఎడ్లబండే ముద్దనే ఛాందసులకీ తేడా ఏముందండీ?" అన్నాడు. పంటు వచ్చింది. మోటారు సైకిళ్ల మధ్య ఇరుక్కుని ఎక్కాము. మాట అక్కడికి ఆగిపోయింది గాని ప్రశ్న నన్ను వదలలేదు. విద్యార్థి మిత్రులు కొందరు కూడా ఇదే ధోరణిలో మాట్లాడుతున్నారు గనుక బదులు చెప్పక తప్పదు.

మొదట ఒక సంగతి ఒప్పుకుంటాను. బంకు అక్కరలేదని నేననను. రొయ్యల చెరువు గట్టున జెనరేటరు తిప్పే కౌలుదారుకు డీజిలు కావాలి. అంతర్వేది దగ్గర ఇంజను పడవ మీద వేటకు పోయే మత్స్యకారుడికి డీజిలు కావాలి. బంకు దూరమైన చోట కిరాణా కొట్లలో సీసాల్లో పోసి పెట్రోలు అమ్ముతారు; ఆ సీసాల పక్కనే టీ పొయ్యి మండుతూ ఉంటుంది. అంతకు మించిన ప్రమాదం ఏముంది? "మా వీధిలో వద్దు, ఆ పేట పక్కన పెట్టుకోండి" అనే పెద్దమనుషుల ఆందోళన చూసి నా మిత్రునికి రోత పుట్టిందంటే నాకూ పుట్టింది. అది గెలిచిన చోట బంకు మాయమైపోదు. నోరులేనివాళ్ల గుమ్మంలోకి జరుగుతుంది, అంతే.

కాని అసలు ప్రశ్న బంకు కావాలా వద్దా అన్నది కాదు. ఎక్కడ పెట్టాలో తేల్చేది ఎవరన్నది.

2018 నవంబరులో ప్రభుత్వ రంగ చమురు కంపెనీలు మూడూ కలిసి దేశంలో 55 వేలకు పైగా చోట్ల కొత్త బంకులకు ప్రకటన ఇచ్చాయి. చోటు చూసేది కంపెనీ. స్థలం చూపేది డీలరు కాదలచిన ఆసామి. 2002 నాటి పెట్రోలియం నిబంధనల ప్రకారం అభ్యంతరం లేదని పత్రం ఇచ్చేది జిల్లా అధికారి. లైసెన్సు ఇచ్చేది పేలుడు పదార్థాల భద్రతా సంస్థ. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది గదా అంటారేమో. ఇచ్చింది. కాని జిల్లా అధికారి ఇచ్చే ఆ పత్రానికి గ్రామసభ ఓటు షరతు కాదు.

నిబంధనలున్నాయి గదా అంటారు. చదువుదాం. 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలిచ్చింది. కొత్త బంకు బడికీ, 10 మంచాలకు తక్కువ కాని ఆసుపత్రికీ, స్థానిక చట్టాల ప్రకారం నివాస ప్రాంతంగా నిర్ణయమైన చోటికీ 50 మీటర్ల లోపు ఉండరాదు. వీలు కాకపోతే అదనపు జాగ్రత్తలతో 30 మీటర్ల దాకా రావచ్చు. చూడడానికి ముచ్చటైన వాక్యమే. ఇప్పుడు దీన్ని పల్లెకు పట్టుకు రండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి సాధారణంగా ఉండేవి 6 మంచాలు. కనుక పురుటికి వచ్చిన మనిషి ఈ లెక్కలో ఆసుపత్రిలో లేనట్టే! అంగన్‌వాడీ బడి కిందికి వస్తుందో రాదో ఆ వాక్యం చెప్పదు. ఇక నివాస ప్రాంతం. నగరానికి మాస్టరు ప్లాను ఉంటుంది, ఏ రంగు ఎక్కడో గీసి ఉంటుంది. ప్లానే లేని పల్లెలో వందేళ్లుగా జనం కాపురముంటున్న వీధిని ఏ చట్టం "నిర్ణయించింది"? కాపురం చేసినంత మాత్రాన నివాసం కాదు కాబోలు! పెట్రోలు ఆవిరిని తిరిగి పట్టే యంత్రాల షరతును నగర జనాభాతోను, నెలవారీ అమ్మకంతోను ముడిపెట్టారు గనుక పల్లె బంకుల్లో చాలావాటికి అదీ అంటదు. ఆ ఆవిరిలో ఉండే బెంజీను మనిషికి కేన్సరు తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు మొదటి తరగతిలో చేర్చారు. పల్లెటూరివాడి ఊపిరితిత్తులు వేరే సరుకుతో చేసినవని మాత్రం వారెక్కడా రాయలేదు.

ఇంధనమంటే ఏమిటో ఈ సీమకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి ఎగదన్నింది. మార్చి నడుమ దాకా, రెండు నెలలకు పైగా, ఆ మంట ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాసు గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. గొట్టం తుప్పు పట్టింది. పొడి గ్యాసు పోవలసిన గొట్టంలో తడి గ్యాసు పోతూ వచ్చింది. ఆ సంగతి విచారణలో బయటపడింది. అనగా మనుషులు పోయిన తరవాత. బంకు, గొట్టం ఒకటి కావని నాకు తెలుసు. బంకులో భయం పేలుడు కంటె నెమ్మదైనది. కొద్ది లోతు తవ్వితే నీరు పడే డెల్టా ఇది. సముద్రం దగ్గరపడిన కొద్దీ ఆ మంచినీటి పొర పలచబడి, దాని కింద ఉప్పునీరు ఉంటుంది. ఆ నేలలో పాతిన టాంకు కారితే ముందు తెలిసేది కంపెనీ లెక్కల పుస్తకానికి కాదు, పక్కింటి చేతిపంపుకు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రాన పెటలూమా అనే చిన్న నగరం ఉంది. ఒక పెద్ద అంగళ్ల కంపెనీ పిల్లల బడి ఎదుట బంకు పెట్టబోతే అక్కడి జనం ఏళ్ల తరబడి కౌన్సిలు ముందూ, కోర్టులోనూ పోరాడారు. చివరకు 2021లో ఆ నగర కౌన్సిలు ఇకపై కొత్త బంకులే కూడదని చట్టం చేసింది. పెట్టుబడిదారీ దేశపు ఊరిని ఆదర్శమనడం లేదు. ఊరినిండా బంకులుండి, ఇంటింటా కార్లుండి చేసిన చట్టం అది, మనకు అచ్చంగా పనికిరాదు. నాకు పట్టింది వేరు. అనుకూలురూ ప్రతికూలురూ బహిరంగంగా మాట్లాడారు. ఎన్నికైనవారు అందరికీ తెలిసేలా ఓటు వేశారు. ఎవరు ఎటు వేశారో ఊరు చూసింది. మన దగ్గర ఆ ఓటు ఫైలులో ఉంటుంది.

కనుక మిత్రమా, నేనడిగేది ఎడ్లబండి కాదు. టాంకరు నుంచి ఇంధనం దింపే మూతి, వాహనాలకు పోసే పంపు, ఆవిరి పోయే గొట్టం, ఈ మూడింటిలో దగ్గరిది ఏదో చూసి అక్కడినుంచే దూరం కొలవాలని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ మూడూ గుర్తించిన పటం ఊళ్లో అందరికీ కనిపించేచోట అంటించాలి. గ్రామసభ పెట్టి, డీజిలు కావలసిన కౌలుదారునూ, గోడ పక్కన కాపురముండే కూలి మనిషినీ ఒకే చోట మాట్లాడనివ్వాలి. ఆ తరవాతనే జిల్లా అధికారి సంతకం.

ఒక ఊరి పంచాయతీ ఆఫీసులో నేనే వెళ్లి ఆ పటం అడిగాను. అక్కడి గుమాస్తా నన్ను కూర్చోబెట్టి మర్యాదగా మంచినీళ్లిచ్చి, "పటమాండీ? ఇదివరకెవరూ అడగలేదండీ" అన్నాడు.