హజిల్... చెయ్యి పట్టుకుంటేనే వస్తుంది!

‘హజిల్’ అనగానే మీకేం గుర్తొస్తుంది? ఇన్‌స్టా బయోలు, స్టార్టప్ కబుర్లు, నిద్ర మానేసి పనిచెయ్యమనే రీల్స్... అంతేగా! నాకు మాత్రం ఓ జంట చేతులు పట్టుకుని గిర్రున తిరగడం కళ్లముందు మెదులుతుంది. ఎందుకంటే యాభై ఏళ్ల కిందట హజిల్ అంటే ఓ డాన్స్.

పుట్టింది న్యూయార్క్‌లోని సౌత్ బ్రాంక్స్‌లో, 1970ల మొదట్లో. అప్పుడక్కడ ఎటు చూసినా పేదరికం, తగలబడిన బిల్డింగులు. ఆ వాడల్లోని ప్యూర్టోరికన్ కుర్రాళ్లు, అమ్మాయిలు పెద్దవాళ్ల మాంబో అడుగుల్ని కొత్త పాటలకు కలిపారు. అప్పటికి అమెరికా కుర్రకారుకి ఎవరికి వాళ్లు విడివిడిగా ఊగడం అలవాటైపోయింది. వీళ్లు మళ్లీ చెయ్యి అందుకున్నారు.

దీని మజా అంతా లెక్కలో ఉంది. డిస్కో పాట నాలుగు దెబ్బల మీద నడుస్తుంది. హజిల్ అడుగులది మూడు దెబ్బల లెక్క. అంటే పాట ‘తకధిమి’ అంటుంటే కాళ్లు ‘తకిట’ అంటాయన్నమాట! పన్నెండు దెబ్బలైతే గానీ రెండూ మళ్లీ ఒకచోట కలవవు. ఈలోగా ఒకరి చేతి సైగకు రెండోవాళ్లు చుట్టు తిరిగి, వచ్చి ఆ చేతినే అందుకోవాలి. ఫోన్లో వీడియో పెట్టుకుని ఒంటరిగా ప్రయత్నించా. లెక్క వచ్చింది గానీ డాన్స్ రాలేదు. అవతల ఇంకో చెయ్యి ఉండాల్సిందే!

డాన్స్ ముందు, పాట తర్వాత. వాన్ మెకాయ్ పాట ‘ద హజిల్’ 1975లో అమెరికాలో నంబర్ వన్ అయింది. 1977లో ‘సాటర్‌డే నైట్ ఫీవర్’ సినిమా వచ్చాక డిస్కో ఊరూరా పాకింది. కానీ అందరికీ గుర్తుండిపోయింది ఎవరు? తెల్ల సూటులో వేలు పైకెత్తిన జాన్ ట్రవోల్టా. ఒక్కడే!

తమాషా ఏంటంటే, అదే సినిమాలో ఓ పోటీ ఉంటుంది. ప్యూర్టోరికన్ జంట అదరగొట్టేస్తుంది. జడ్జీలు మాత్రం ఫస్ట్ ప్రైజు హీరో జంటకిస్తారు. వాళ్లే బాగా చేశారని హీరోకి తెలుసు. కప్పు, డబ్బు తీసుకెళ్లి వాళ్ల చేతుల్లో పెట్టేస్తాడు.

తెరమీద కప్పు చేరాల్సినవాళ్లకే చేరింది. బయట పేరు మాత్రం ఇప్పటికీ ఆ తెల్ల సూటు దగ్గరే ఉండిపోయింది. అందుకే ఓ మాట... ఈసారి ట్రెండింగ్ స్టెప్పేసి రీల్ పెట్టేటప్పుడు, అది మొదట ఎవరు వేశారో ఓసారి వెతకండి. దొరికితే క్యాప్షన్‌లో ఆ పేరు రాయండి. మన చేతిలో ఉన్న కప్పు అదే కదా!