విహారం ఒకరిది, వరద మరొకరిది

సొంత స్థలంలో సొంత డబ్బుతో వేసుకున్న చెరువుకట్ట సొంత వ్యవహారమేనా? కట్ట నిలిచి ఉన్నంతకాలం అలాగే అనిపిస్తుంది. గండి పడ్డాక నీళ్ళు యజమాని హద్దురాయి దగ్గర ఆగవు.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో టొకోవా ఫాల్స్ బైబిల్ కాలేజీకి ఎగువన కెల్లీ బార్న్స్ డ్యాం ఉండేది. సుమారు 40 అడుగుల ఎత్తు, 400 అడుగుల పొడవున్న మట్టికట్ట. దాని వెనక 40 ఎకరాల చెరువు. కాలేజీ సొంత ఆస్తి. ఒకప్పుడు ఆ నీటితో కరెంటు తీసేవారు. 1957లో అది ఆపేశాక చెరువు విహారానికే మిగిలింది. కట్టకు డిజైను కాగితాలు లేవు. వాలు మీద చెట్లు పెరిగాయి.

1977 నవంబరు 6న, వానలు కురిసిన రాత్రి, ఒంటిగంటన్నర ప్రాంతంలో కట్ట తెగింది. నీళ్ళు దిగువనున్న హాస్టలు మీద, పెళ్ళయిన విద్యార్థులు కాపురముంటున్న ట్రైలర్ ఇళ్ళ మీద పడ్డాయి. 39 మంది చనిపోయారు. వాళ్ళలో 20 మంది పిల్లలు.

దీన్ని ప్రకృతి వైపరీత్యం అని సరిపెట్టుకోవడం సులువు. కాని దేశంలోని డ్యాములను తనిఖీ చేయాలన్న చట్టం అక్కడ 1972లోనే వచ్చింది. నిధులివ్వక ఆ పని సాగలేదు. ఈ చావుల తర్వాతే అధ్యక్షుడు కార్టర్ ప్రైవేటు డ్యాముల తనిఖీకి ఆదేశించాడు. 1981 నాటికి 8,000కు పైగా డ్యాములు చూస్తే దాదాపు మూడోవంతు సురక్షితం కావని తేలింది. చట్టం ఉండి కూడా పిల్లలు చచ్చిపోయేదాకా కదలలేదన్నమాట.

మన సంగతేమిటి? 2021 డ్యాం భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన డ్యాములకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల వాటికైతే 500 మీటర్ల పొడవో, పది లక్షల ఘనపు మీటర్ల నిలవో, అలాంటి మరో షరతో ఉండాలి. కెల్లీ బార్న్స్ ఎత్తు 12 మీటర్లు, పొడవు 120 మీటర్లు, నిలవ ఎనిమిది లక్షల ఘనపు మీటర్ల లోపు. ఈ కొలతల ప్రకారం 39 మందిని చంపిన కట్ట మన చట్టం కంటికి ఆనదు. రేపు ఏ రిసార్టువారో, ఫాంహౌస్‌వారో వాగుకు అడ్డంగా అలాంటి కట్ట వేసుకుంటే అడిగేదెవరు?

ఇది స్త్రీల సమస్య కూడా. వాగు ఒడ్డున బట్టలుతికేది, పశువులను కడిగేది, రాత్రిపూట పిల్లలను పక్కలో వేసుకుని పల్లపు గుడిసెల్లో పడుకునేది ఎవరు? పట్టా మగవాడి పేరున ఉంటే నోటీసూ అతనికే వస్తుంది. పట్టాయే లేనివాళ్ళకు ఏ నోటీసూ రాదు.

అందుకే మనం అడగాలి. ఎత్తు ఎంతన్నది కాదు, దిగువన ఇళ్ళున్నాయా అన్నది కొలత కావాలి. ఏటా వానాకాలానికి ముందు యజమాని ఖర్చుతో ఇంజనీరు కట్టను, తూమును, అలుగును చూడాలి. ఆ నివేదికను గ్రామసభలో చదివి వినిపించాలి. ప్రమాద హెచ్చరిక ప్రతి గుడిసెకూ, ప్రతి స్త్రీకీ చేరే ఏర్పాటు ఉండాలి. ఇవి లేని కట్ట వెనక నీళ్ళు నిలవబెట్టే హక్కు ఎవరికీ లేదు.